ఆన్‌లైన్ బోర్డు మీద బొమ్మల పాఠం: నాలుగేళ్ల వాడకం తర్వాత

2020లో తరగతులు మూతపడ్డప్పుడు బొమ్మల పాఠం చెప్పడానికి వేరే దారి లేక ఆన్‌లైన్ వైట్‌బోర్డు పట్టుకున్నాను. అంటే, అందరూ ఎవరి ఫోన్లోంచి వాళ్లు ఒకేసారి ఫొటోలు పెట్టి, గీతలు గీసి, నోట్లు అంటించగల తెర. గది తలుపులు తెరుచుకోగానే వదిలేద్దామనుకున్నా, వదల్లేదు. ఈలోగా బోర్డులు మూడు మారాయి కానీ మంచీ చెడూ అన్నిట్లోనూ దాదాపు ఒకటే.

మొదటి ఏడాది నేను చేసిన తప్పు, ఫొటోనే బొమ్మ అనుకోవడం. ఒకమ్మాయి పెన్సిల్‌తో కూజా వేసి బోర్డు మీద పెట్టింది. అంతా బూడిద రంగు. ‘వెలుగు ఎక్కడా లేదు, నీడలో ముదురు రాలేదు, మళ్లీ వెయ్యి’ అని పక్కన నోటు అంటించాను. పాపం, మూడుసార్లు వేసింది. తర్వాత కాగితాలు చేతికొస్తే మొదటి బొమ్మే బ్రహ్మాండంగా ఉంది! కెమెరా తన ముందున్నది సగటున మధ్యస్థ బూడిద రంగులో ఉంటుందనుకుని వెలుతురు సర్దుతుంది. అందుకే తెల్ల కాగితాన్నీ మసకలోకి లాగేస్తుంది. ఫిల్మ్ కెమెరాల కాలం నుంచీ ఉన్న సంగతే, సమయానికి నాకు తట్టలేదు.

అప్పటి నుంచి ప్రతి కాగితం అంచున తెలుపు నుంచి నలుపు దాకా 9 గళ్ల పట్టీ వేయిస్తున్నా. కిటికీ దగ్గర పెట్టి, తెర మీద కాగితాన్ని తాకి, వెలుతురు కాస్త పెంచి ఫొటో తీయాలి. పట్టీలో గళ్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతే తప్పు ఫొటోది. పట్టీ బాగుండి బొమ్మ చప్పగా ఉంటే అప్పుడు మాట్లాడుకుంటాం.

రంగులకి ఈ చిట్కా పనిచేయదు. చాలా తెరలకి ఆధారం 1996లో వచ్చిన ఎస్‌ఆర్‌జీబీ, అంటే తెర ఏయే రంగులు చూపించాలో చెప్పే ప్రమాణం. గాఢమైన కొన్ని నీలి ఆకుపచ్చలు దాని పరిధిలోనే లేవు. పైగా ఒక్కో ఫోన్ ఒక్కో రకంగా చూపిస్తుంది. నీటి రంగుల పాఠం ఉన్న రోజు నేను బోర్డు తెరవను.

దూరం పోయేకొద్దీ వస్తువులు చిన్నవిగా కనిపించేలా గీసే పాఠానికి (పర్‌స్పెక్టివ్) మాత్రం బోర్డుని మించింది లేదు. గీతలు కలిసే బిందువు చాలాసార్లు కాగితం బయటెక్కడో పడుతుంది. గదిలో అయితే ‘అదిగో, గోడ అవతల ఉందనుకోండి’ అని చేయి చూపించేవాణ్ని. బోర్డుకి అంచు లేదు. బొమ్మ మీద ఎర్ర గీత పెట్టి, అది ఎంత దూరం పోతే అంత దూరం లాగుతాను. మేడ కిటికీ గీత ఒకటి మిగతావాటితో కలవకుండా పక్కకి పోతుంటే, ‘అరె, నాదే వంకర’ అని వేసినవాడే అంటాడు.

ఇంకొకటి, అరగంటకో ఫొటో తీసి వరసగా పెట్టిస్తా. కాగితం మీద పై పొర కింది పొరని మింగేస్తుంది కదా, ఇక్కడ అన్నీ పక్కపక్కనే ఉంటాయి. మూడో ఫొటో దగ్గర ఆపేసి ఉంటే బాగుండేదని పిల్లలే పట్టేస్తారు. పేరు లేకుండా నోట్లు రాసే వీలుండటంతో నోరు విప్పనివాళ్లూ రాస్తున్నారు. అయితే ‘సూపర్’ అని రాసి వదిలేస్తే ఒప్పుకోను, ఏ చోటు గురించో బాణం గుర్తు పెట్టాల్సిందే.

చిరాకులూ ఉన్నాయి. పిల్లల వేళ్లు ఎక్కడున్నాయో చూపించే ముప్పై కర్సర్లు చీమల్లా పాకుతుంటే బొమ్మ మీద చూపు నిలవదు. అవి కనపడకుండా దాచే మీట నాకు రెండేళ్లకి గానీ దొరకలేదు. లాక్ చేయడం మర్చిపోతే ఒకరి బొమ్మ ఇంకొకరి వేలు తగిలి మాయం. పోస్టుకార్డంత స్కెచ్, గోడంత చార్‌కోల్ బొమ్మ ఒకే సైజులో కనిపిస్తాయి, అందుకని పక్కన పెన్సిల్ పెట్టి ఫొటో తీయమంటాను. పాత ఫోన్లలో నలభై ఫొటోలు దాటితే బోర్డు కదలదు.

నెల తిరగ్గానే బోర్డు మొత్తం పీడీఎఫ్‌గా దించుకుంటున్నా. మేం వాడిన మొదటి బోర్డుని తయారుచేసినవాళ్లు ఆపేసినప్పుడు ఒక ఏడాది బొమ్మలు దాంతోపాటే పోయాయి. ఆ కూజాలు మూడూ అందులోనే ఉండేవి.