కారు కొన్నప్పుడు పన్ను కట్టించాలా, రోడ్డెక్కినప్పుడు కట్టించాలా: ఏది మేలు?

సింగపూర్‌లో మా బావ వాళ్లింట్లో ఉన్నప్పుడు ఓ ఉదయం బయటికి వెళ్దామని రెడీ అయ్యాం. బావ గడియారం చూసి, "కాసేపాగుదాం, రేటు తగ్గుతుంది" అని మళ్లీ కాఫీ పెట్టించాడు. తర్వాత బయల్దేరితే, రోడ్డు మీద కమాను దాటగానే ముందు అద్దం దగ్గరున్న చిన్న పెట్టె బీప్ మంది. రద్దీ టైములో ఆ రోడ్డు వాడినందుకు డబ్బు కట్ అయింది. అరగంట అరగంటకీ రేటు మారుతుందట. 1998 నుంచీ అక్కడ ఇదే పద్ధతి.

అదే ఊళ్లో ఇంకో పద్ధతి కూడా ఉంది. కారు కొనాలంటే ముందు వేలంలో హక్కుపత్రం పాడుకోవాలి. 1990లో మొదలైంది, పదేళ్లే చెల్లుతుంది. 2023లో చిన్న కార్ల పత్రం ధరే లక్ష సింగపూర్ డాలర్లు దాటింది. కార్లు పెరగకుండా ఆగాయి, అది నిజం. కానీ అంత పోసి కొన్నాక ఎవరైనా ఏమనుకుంటారు? "ఇంత పెట్టాం, వాడకపోతే ఎలా?" అనే కదా. పైగా డబ్బున్నవాళ్లకే కారు దక్కుతుంది. చంటిబిడ్డ ఉన్న మామూలు ఇంటివాళ్లు ఆశ వదులుకోవాల్సిందే.

మన లైఫ్ ట్యాక్స్‌దీ ఇదే తీరు. కొన్నరోజే మొత్తం కట్టేస్తాం. ఆ తర్వాత నెలకోసారి తీసినా, రోజూ రద్దీ టైములో ఒక్కరే కూర్చుని తిరిగినా పన్ను ఒకటే. రద్దీకి లెక్కే లేదు. ఆ కార్ల వెనక బస్సులో నిలబడ్డ యాభైమంది టైము పోతోంది, దానికి ఎవరూ కట్టడం లేదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

అందుకే నా ఓటు వాడకం మీద రుసుముకే. అందులోనూ స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ పద్ధతికి. ఊరి నడిబొడ్డున కారు నడిపితే కట్టే లండన్ రుసుము 2003లో మొదలైంది, అది రోజుకి ఒకే రేటు, ఒకసారి కట్టాక ఎంతసేపు తిరిగినా అడగరు. స్టాక్‌హోమ్‌లో టైమును బట్టి మారుతుంది, రాత్రిళ్లు ఉండదు. అంతకంటే నచ్చింది వాళ్లు నడిపించిన తీరు. 2005లోనే కొత్త బస్సులు దింపారు. 2006 జనవరి నుంచి జూలై దాకా రుసుము పెట్టి చూశారు, ట్రాఫిక్ దాదాపు ఐదో వంతు తగ్గింది. అప్పుడు జనాన్ని ఓటడిగారు. మొదట వద్దన్న ఊరే స్వల్ప తేడాతో సరేనంది. 2007లో శాశ్వతం చేశారు.

హైదరాబాద్‌లో దూరాన్ని బట్టి కట్టడం కొత్తేమీ కాదు, ఔటర్ రింగ్ రోడ్డు మీద చేస్తున్నదే. ఊరి లోపల కూడా పెట్టాలనే అంటాను, కానీ బస్సుల తర్వాతే. సాయంత్రం ఆరింటికి హైటెక్ సిటీలో బస్సెక్కినవాళ్లకి కూర్చునే చోటు దొరకాలి. అప్పుడు కారువాళ్లని డబ్బు అడగొచ్చు.