8250యూ: చీమకుర్తి దుమ్ములో ఏడేళ్లు

మా గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసుకి 2018లో కొన్న ల్యాప్‌టాప్ ఇది. లోపల ఉన్న ప్రాసెసర్ ఇంటెల్ కోర్ ఐ5-8250యూ. చీమకుర్తి కదా, పొద్దున తుడిచిన మూత మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. స్లాబుల కొలతల ఎక్సెల్, ట్యాలీ, వంటింటి గట్లకీ మెట్లకీ ఆటోకాడ్ డ్రాయింగులు. ఏడేళ్లుగా దీని మీద నా పని ఇంతే.

దీన్ని కొన్న రోజు మా బావ కూడా వచ్చాడు. షాపులో దీని పక్కనే పాత తరం ఐ5-7200యూ ఉంది, ధర కాస్త తక్కువ. దాని మీద 2.5 గిగాహెర్ట్జ్ అని, దీని మీద 1.6 అని రాసుంది. "ఎక్కువ డబ్బిచ్చి తక్కువ స్పీడు కొంటావేందిరా" అని ఒకటే గోల. ఆయన ఆ పాతదే తీసుకున్నాడు. నిజానికి దాంట్లో కోర్లు, అంటే లెక్కలు చేసే భాగాలు, రెండే; త్రెడ్లు, అంటే ఒకేసారి నడిపే పనుల వరసలు, 4. ఇందులో 4 కోర్లు, 8 త్రెడ్లు. చిప్ లోపలే ఉండే చిన్న మెమరీ, క్యాష్, 3 ఎంబీ నుంచి 6 ఎంబీ అయింది. కానీ రెండింటికీ రాసిన కరెంటు వాటా 15 వాట్లే. అదే కూడు నలుగురికి పంచాలి కాబట్టి అన్ని కోర్లూ పనిలో ఉన్నప్పుడు హామీ ఇచ్చే స్పీడు తగ్గించి రాశారు. పని ఒక్క కోరు మీదే పడితే ఇది 3.4 దాకా పోతుంది, పాతది 3.1 దగ్గరే ఆగుతుంది. ఆటోకాడ్‌లో గీత గీసే పని చాలావరకు ఒక్క కోరు మీదే నడుస్తుంది, కాబట్టి నాకు రోజూ అక్కరకొచ్చేది ఆ 3.4.

అయితే అది చల్లగా ఉన్నంతసేపే. 2021 ఎండల్లో, రోహిణి కార్తెలో, మౌస్ ఒకచోట ఉంటే గీత ఇంకోచోట పడటం మొదలైంది. టాస్క్ మేనేజర్ తెరిస్తే స్పీడు 1 గిగాహెర్ట్జ్ కిందికి దిగింది. ఈ చిప్ వేడి హద్దు 100 డిగ్రీలు. అక్కడికి చేరేసరికి తనను తాను కాపాడుకోవడానికి స్పీడు తగ్గించేసుకుంటుంది. నేనేమో ప్రాసెసర్ పోయిందని తిట్టుకుంటూ ఒంగోలు తీసుకెళ్లా. రిపేరు కుర్రాడు అడుగు రేకు విప్పి, "అన్నా, దీంట్లో ఒక స్లాబుకి సరిపడా సరుకుందే" అన్నాడు. ఫ్యాన్ గాలి బయటికి పోయే సన్న రేకుల మధ్య బూడిదరంగు దుమ్ము గొంగళిలా అట్టకట్టి ఉంది. చిప్ వేడిని పైనున్న రేకుకి అందించే థర్మల్ పేస్టు ఎండిపోయి గోటితో గీకితే పెచ్చులుగా రాలింది. రెండూ సరిచేశాక అదే డ్రాయింగు అదే మధ్యాహ్నం ఎండలో ఎక్కడా ఆగలేదు. అప్పటినుంచి ఆరునెల్లకోసారి నేనే విప్పుతున్నా. ఫ్యాన్ గిర్రున తిరగకుండా రెక్కలకి అగ్గిపుల్ల అడ్డంపెట్టి బ్లోయర్ కొడతా.

ఇంత చిప్ వేడిని లాగడానికి ఒక్క సన్నటి రాగి గొట్టంతో సరిపెట్టిన ల్యాప్‌టాప్ కంపెనీ మీద మాత్రం కోపం పోలేదు. పైగా ర్యామ్ స్టిక్ ఒక్కటే పెట్టి ఇచ్చారు. తెర మీద బొమ్మ గీసేది చిప్‌లోనే ఉన్న యూహెచ్‌డీ 620 గ్రాఫిక్స్; దానికి సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. రెండోది వేశాక పెద్ద డ్రాయింగులు అటూఇటూ జరపడంలో తేడా కంటికి తెలిసింది. గేముల సంగతి అడగొద్దు. వీడియోల్లో హెచ్ఈవీసీ, వీపీ9 రకాలు హాయిగా ఆడతాయి. వాటికన్నా కొత్త రకం ఏవీ1 అయితే దాన్ని విప్పే ఏర్పాటు చిప్‌లో లేదు. ఆ భారం కోర్ల మీదే పడి ఫ్యాన్ ఊళ పెడుతుంది.

ఇక విండోస్ 11. దానికి పనికొస్తాయని మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ప్రాసెసర్ల జాబితాలో ఈ 8250యూ ఉంది, బావ కొన్న 7200యూ లేదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. మొన్న పండక్కి వచ్చినప్పుడు బావ నా ల్యాప్‌టాప్ తిప్పి స్టిక్కర్ చూశాడు. 1.6 గురించి ఈసారి ఏమీ అనలేదు గానీ, అమ్మితే ఎంతకిస్తావని అడిగాడు.