మారుతి 800 నీలి పొగ: వాల్వ్ సీళ్లు, గైడ్లు మార్చి ఏళ్లు నడిపాక

కార్బురేటర్ మారుతి 800 నీలి పొగ వదిలిందంటే చాలా షెడ్లలో వెంటనే వినిపించే మాట, ‘ఇంజిన్ దించాలి, బోరింగ్ చేయాలి’ (అంటే అరిగిన సిలిండర్లను తొలిపించడం). తొందరపడకండి. మా బండికి హెడ్ (సిలిండర్ల పై మూత, వాల్వులు ఉండేది) పని ఒక్కటే సరిపోయింది: ఆరు వైటాన్ (వేడిని తట్టుకునే రబ్బరు) వాల్వ్ సీళ్లు, ఇన్‌లెట్ గైడ్లు, కొత్త హెడ్ గాస్కెట్. వాల్వు కాడ కదిలే లోహపు గొట్టం గైడు, దాని మీద కూర్చుని ఆయిల్ కిందికి జారకుండా ఆపే రబ్బరు టోపీ సీలు. ఏళ్లు నడిపాక కూడా ఆ ఖర్చు వృథా అనిపించలేదు. అయితే మార్కులు వేయాల్సి వస్తే సీళ్లకన్నా గైడ్లకే ఎక్కువ వేస్తాను.

ముందు పొగ ఎప్పుడొస్తోందో చూడాలి. రాత్రంతా ఆగిన బండిని పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పున నీలి పొగ వచ్చి, కాసేపటికి తగ్గిపోతే ఆయిల్ గైడ్ల వెంట కిందికి జారుతోందని అర్థం. దిగుడులో ఎక్సలేటర్ వదిలేసి మళ్లీ తొక్కినప్పుడు వచ్చినా అదే కారణం. థ్రాటిల్ మూసుకున్నప్పుడు మానిఫోల్డ్‌లో పుట్టే వాక్యూమ్ ఇన్‌లెట్ గైడ్ల గుండా ఆయిల్‌ను లాగేస్తుంది. ఎక్కుడులో, లోడు మీద ఆగకుండా పొగ వస్తుంటే మాత్రం పిస్టన్ రింగులను అనుమానించాలి. నల్ల పొగకు ఆయిల్‌తో సంబంధం లేదు. ఛోక్ పూర్తిగా తెరుచుకోకపోవడం, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడం, కార్బురేటర్ నీడిల్ వాల్వ్ అరిగి లోపల పెట్రోల్ మట్టం పెరగడం లాంటివి చూసుకోవాలి. ఇంజిన్ వేడెక్కినా తెల్ల పొగ ఆగక, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ పోయినట్టే.

హెడ్ దించే ముందు పైసా ఖర్చు లేని తనిఖీలు ఉన్నాయి. ట్యాపెట్ కవర్ నుంచి ఎయిర్ ఫిల్టర్‌కు వెళ్లే బ్రీదర్ గొట్టం మడ్డితో పూడుకుపోతే క్రాంక్ కేసులో ఒత్తిడి పెరిగి, మంచి ఇంజిన్ కూడా ఆయిల్ తాగుతుంది. గొట్టం ఊడదీసి పెట్రోల్‌తో కడిగి, ఆరనిచ్చి బిగించండి. తర్వాత డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. ఆయిల్ మట్టం పెరిగి పెట్రోల్ వాసన కొడుతుంటే మెకానికల్ ఫ్యూయల్ పంపు డయాఫ్రమ్ చిరిగి ఉండొచ్చు. పలచబడిన ఆయిల్ రింగులు దాటి పైకి వచ్చి మండుతుంది. ఆ స్థితిలో పంపు, ఆయిల్, ఫిల్టర్ మూడూ మార్చకుండా ఇంకే పరీక్ష చేసినా ఫలితం నమ్మలేం.

కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కినప్పుడు పుట్టే ఒత్తిడి) చూడటానికి రబ్బరు కొస చేత్తో నొక్కిపట్టే గేజ్ వద్దు, గాలి పక్కకు పోయి ప్రతిసారీ వేరే అంకె చూపిస్తుంది. ప్లగ్ రంధ్రంలో తిప్పి బిగించే 14 మి.మీ. మర (థ్రెడ్) ఉన్న గేజ్ కొనండి. ఈ పనిలో కొన్న పనిముట్లలో బాగా అక్కరకొచ్చింది అదే. ఇంజిన్ వేడిగా ఉండాలి, మూడు ప్లగ్గులూ తీసేయాలి, ఇగ్నిషన్ కాయిల్ వైరు పీకాలి, ఎక్సలేటర్ పూర్తిగా తొక్కిపట్టి ముల్లు ఇక పెరగనంత వరకూ సెల్ఫ్ కొట్టాలి. సిలిండర్ల మధ్య తేడా చదరపు సెంటీమీటరుకు 1 కిలో దాటకూడదు. తక్కువ చూపిన సిలిండర్‌లో 5 మి.లీ. ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. ముల్లు బాగా పెరిగితే రింగులు, బోరు అరిగినట్టు. పెరగకపోతే వాల్వులు కూర్చోవడం లేదు. చాలామంది మరిచేది ఇంకొకటుంది: వాల్వ్ సీలు పాడైతే కంప్రెషన్ తగ్గదు. మూడూ సమంగా చూపిస్తూ పొద్దున పొగ వస్తోందంటే, ఆ సమానత్వమే సీళ్లవైపు వేలు చూపిస్తోంది.

హెడ్ దించాక వాల్వును సీటు నుంచి 10 మి.మీ. పైకి లేపి అటూ ఇటూ ఊపండి. చేతికి వదులు తెలుస్తోందంటే గైడు అరిగింది. మొత్తం పనిని నిలబెట్టేదీ చెడగొట్టేదీ ఇదే. ఊగే వాల్వు సీలు పెదవిని ఒక పక్కకే ఒత్తి తినేస్తుంది, ఎంత ఖరీదైన సీలు వేసినా కొన్నాళ్లకే మళ్లీ పొగ మొదలవుతుంది. లేత్ షాపులో గైడ్లు మార్పించి, రీమింగ్ (రంధ్రాన్ని సరైన కొలతకు నునుపు చేయడం) చేయించి, సీట్లు కొత్త గైడ్లకు కుదిరేలా కోయించి, ఆ తర్వాతే గ్రైండింగ్ పేస్టుతో వాల్వులు రుద్దాలి. హెడ్ అడుగున ఆనించిన స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని ఉక్కు పట్టీ) కింద 0.05 మి.మీ. ఫీలర్ (పలచని కొలత రేకు) దూరితే హెడ్ స్కిమ్మింగ్ (అడుగును చదును చేయడం) కూడా అక్కడే చేయించేయండి.

గాస్కెట్ కిట్‌తో వచ్చే మామూలు నైట్రైల్ రబ్బరు సీళ్లు మన ఎండల్లో, ట్రాఫిక్ వేడికి గట్టిపడి పెళుసెక్కుతాయి. వైటాన్ సుమారు 200 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, ధరలో తేడాకు వెనకాడక్కర్లేదు. బిగించేటప్పుడు వాల్వు కాడకు లాకు గాడి దగ్గర ఉన్న గరుకును సన్న ఎమెరీతో తీసేయండి, లేదంటే మొదటిసారి దూర్చినప్పుడే సీలు పెదవి తెగుతుంది. సీలుకు ఆయిల్ రాసి, సరిపోయే సాకెట్‌తో చేత్తో నొక్కాలి, సుత్తి వాడకూడదు. హెడ్ బోల్టులు మధ్య నుంచి అంచులకు, మూడు విడతలుగా, టార్క్ రెంచ్‌తోనే బిగించాలి.

పని పూర్తయ్యాక పొగ వెంటనే ఆగదు. సైలెన్సర్‌లో పేరుకున్న పాత ఆయిల్ వేడికి మండిపోయే దాకా వస్తూనే ఉంటుంది, దాన్ని చూసి మెకానిక్‌తో గొడవకు దిగకండి. రెండు మూడు సార్లు హైవే మీద వేడెక్కేలా నడిపాక చూడండి.

దళసరి ఆయిల్ వేసినా, పొగ ఆపుతామనే డబ్బా మందులు పోసినా అసలు లోపం కొన్నాళ్లు దాగుతుందంతే. వాటిని సిఫారసు చేయను. ఇప్పుడు మా బండి 20డబ్ల్యూ-40 గ్రేడు మామూలు ఆయిల్ మీదే నడుస్తోంది, ఒక ఆయిల్ మార్పు నుంచి మరోదాని వరకూ టాప్ అప్ అడగడం లేదు. పొల్యూషన్ పరీక్ష కాగితాన్నీ పారేయకండి. భారత్ స్టేజ్-2 పొగ ప్రమాణాల కన్నా ముందటి పెట్రోల్ కార్లకు కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1500 పీపీఎం పరిమితి. మోనాక్సైడ్ ఒక్కటే పెరిగితే కార్బురేటర్ సెట్టింగ్ చూడాలి. అది మామూలుగా ఉండి హైడ్రోకార్బన్లు మాత్రమే పెరుగుతుంటే ముందు ప్లగ్గులు, ఇగ్నిషన్ టైమింగ్ సరిచూసి, అవి బాగుంటే మళ్లీ గైడ్ల సంగతి పట్టించుకోండి.