పత్రిక చెప్పిన బండి, మేము నడిపిన దారి

కర్నూలు నుంచి బయల్దేరే ముందు రోజు రాత్రి, నాలుగేళ్ల కిందట బండి కొనేటప్పుడు నేను దాదాపు కంఠస్థం చేసిన పత్రిక సమీక్షను అటక మీద నుంచి దించి మళ్లీ చదివాను. ఆరు పేజీల వ్యాసం అది. నా బండి 250 సీసీ తరగతికి చెందినది, ఎత్తైన సీటు, పుల్లల చక్రాలు, ఎగుడుదిగుడు దారులకు పనికొస్తుందని పేరు పడినది. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఘాట్ మలుపుల్లో అది ఎలా వాలుతుందో రెండు పేజీలు, గుంతల్లో సస్పెన్షన్ ఎలా మింగేస్తుందో ఒక పేజీ, వెనక సీటు గురించి ఒక్క వాక్యం, హెడ్‌లైటు గురించి అర వాక్యం రాశారు. ఆ వాక్యం, ఆ అర వాక్యం నాకు ఎందుకు గుర్తుండిపోయాయో ఈ మూడు రోజుల యాత్ర చెబుతుంది.

ఫిబ్రవరి మధ్యలో నేను, మా ఆవిడ నా బండి మీద, మా బావమరిది తన రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 మీద బయల్దేరాము. ఓర్వకల్లు, పాణ్యం, బనగానపల్లె మీదుగా యాగంటి, అక్కడి నుంచి బెలుం గుహలు, రాత్రికి గండికోట. మరునాడు తాడిపత్రి, అనంతపురం. మూడో రోజు గుత్తి, డోన్ మీదుగా ఇంటికి. మొత్తం 470 కిలోమీటర్లు తిరిగాము.

పాణ్యం దాకా జాతీయ రహదారి. ఆ భాగంలో సమీక్ష రాసినవారు చెప్పిన ప్రతి మాటా నిజమేనని ఒప్పుకోవాలి. బండి నిటారుగా, నిబ్బరంగా సాగింది. బావమరిది బండి విషయంలో అయితే పత్రికలకు నూటికి నూరు మార్కులు వేయవచ్చు. 2021లో క్లాసిక్‌కు వచ్చిన కొత్త ఇంజన్‌లో అదురును అణిచే బ్యాలెన్సర్ షాఫ్ట్ పెట్టడం వల్ల పాత బండికి ఉన్న వణుకు చాలా తగ్గిందని అప్పట్లో అందరూ రాశారు. పాత బండిని ఏడేళ్లు తోలి అమ్మిన మనిషి కాబట్టి ఆ తేడా అతనికి చేతుల్లోనే తెలుసు. ఎనభై దాటితే అద్దంలో వెనక లారీ రెండుగా కనిపించేదని, ఇప్పుడు నంబరు ప్లేటు చదవగలుగుతున్నానని అతని సాక్ష్యం.

పాణ్యం దగ్గర మలుపు తిరిగాక కథ మారింది. బనగానపల్లెలో టిఫిన్‌కు ఆగినప్పుడు మా ఆవిడ బండి దిగి, ఉగ్గాని, బజ్జీ వచ్చేదాకా కూర్చోకుండా నిలబడే ఉంది. "ఆ పుస్తకం రాసినాయన పెండ్లాన్ని ఎక్కించుకోని పోలేదేమో," అంది. సమీక్షలో ఉన్న వాక్యం "వెనక సీటు చిన్న ప్రయాణాలకు సరిపోతుంది" అని. చిన్న ప్రయాణమంటే ఎంతో అందులో లేదు. మా లెక్కలో అది 75 కిలోమీటర్లు. పత్రికకు పరీక్ష కోసం వచ్చే బండి కొత్తది, దాన్ని నడిపేవాడు చాలావరకు ఒంటరివాడు, సామాను ఒక చిన్న సంచి. మన జిల్లాల్లో బండి కొనేవాడు వెనక ఒక మనిషిని, ఆ మనిషికీ తనకూ మధ్య ఒక బ్యాగును లెక్కేసుకునే కొంటాడు. ఆ బరువుకు వెనక స్ప్రింగును రెండు మెట్లు బిగించుకోవాలన్న సంగతి నాకు కొన్న రెండో ఏడాది గానీ తెలియలేదు. బిగించాక మలుపుల్లో పత్రిక మెచ్చుకున్న నడక మళ్లీ తిరిగి వచ్చింది.

యాగంటిలో కోనేటి నీరు, కొండ గుహలు, పెద్ద నంది చూసి సత్రంలో భోంచేశాము. అన్నం వేడిగా, పప్పు రుచిగా ఉంది, బండ్లు కళ్ల ముందే నీడలో ఉన్నాయి. యాత్రికుడికి ఇంతకన్నా ఏం కావాలి. అయితే అక్కడ అనుకున్నదానికన్నా గంటన్నర ఎక్కువ గడిపాము, దాని ఫలితం సాయంత్రం అనుభవించాము.

యాగంటి నుంచి కొలిమిగుండ్ల దారి నాపరాయి గనుల దారి. టిప్పర్ల నుంచి రాలిన రాతి పెచ్చులు, బూడిద రంగు దుమ్ము మలుపుల్లో పరుచుకొని ఉంటాయి. బ్రేకు వేస్తే ఎన్ని మీటర్లలో ఆగుతుందో పత్రికలు పరికరాలు పెట్టి కొలుస్తాయి, ఆ అంకెలు నమ్మదగినవే, కానీ అవి శుభ్రమైన తారు మీద కొలిచినవి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ, బ్రేకు గట్టిగా పడినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి అయింది; తడి తారు మీద ప్రాణం కాపాడే ఆ ఏర్పాటే, వదులు కంకర మీద చక్రాన్ని పట్టి విడుస్తూ బండిని ఇంకాస్త ముందుకు తీసుకుపోతుంది. ఒక గొర్రెల మంద అడ్డం వచ్చినప్పుడు నాకిది తెలిసివచ్చింది. గొర్రెలకు ఏమీ కాలేదు. కాపరి మాత్రం నన్ను బాగా చూసి, తల అడ్డంగా ఊపి పోయాడు.

బెలుం గుహల పొడవు 3,229 మీటర్లు, అందులో సందర్శకులకు తెరిచింది దాదాపు కిలోమీటరున్నర. లోపల గాలి పంపుతున్నా ఉక్కపోత తప్పదు కాబట్టి జాకెట్లు, హెల్మెట్లు మోసుకొని దిగడం బుద్ధిహీనత. మేము ఆ పనే చేశాము. బయటికి వచ్చేసరికి అయిదు దాటింది, గండికోట అరవై కిలోమీటర్లు ఉంది.

చీకటి పడ్డాక జమ్మలమడుగు దాకా నడిపిన ఆ దారిలో, సమీక్షలోని అర వాక్యం విలువ తెలిసింది. "వెలుగు సరిపడా ఉంది" అని రాశారు. వీధి దీపాలున్న నగరంలో నిజంగానే సరిపడా ఉంటుంది. సిమెంటు లారీలు ఎదురొస్తూ, రంగు వేయని స్పీడు బ్రేకర్లు ఊరూరా ఉన్న దారిలో డిమ్ వేస్తే చక్రం ముందు పదడుగులు, హై వేస్తే చెట్ల కొమ్మలు కనిపించాయి. చివరికి బావమరిదిని ముందుకు పంపి, అతని వెనక దీపాన్ని పట్టుకొని వెళ్లాను.

గండికోటలో పర్యాటక సంస్థ వారి హరిత హోటల్ ఉన్నా, లోయకు దగ్గరగా పడుకోవాలన్న మోజుతో ఒక గుడారాల శిబిరంలో దిగాము. రెండు గుడారాలకు రెండు వేల నాలుగు వందలు తీసుకున్నారు. రాగి సంగటి, నాటుకోడి పులుసు ఆ డబ్బుకు న్యాయం చేశాయి. ఉమ్మడి స్నానాల గది, రాత్రి రెండింటి దాకా మోగిన పక్క శిబిరం పాటలు చేయలేదు. బండ్లను గుడారం పక్కన మెత్తటి మట్టిలో నిలపమన్నారు. 195 కిలోల క్లాసిక్ సైడ్ స్టాండు తెల్లారేసరికి మట్టిలో దిగబడి, బండి పడడానికి సిద్ధంగా ఒరిగి ఉంది. మట్టి నేల మీద దిగేవారు స్టాండు కింద పెట్టడానికి ఒక నాపరాయి ముక్క చూసుకోవడం మంచిది, అక్కడ వాటికి కొదవ లేదు. తెల్లవారి పెన్న లోయ మీద ఎర్రరాళ్లు వెలుగు పట్టుకోవడం చూశాక శిబిరం మీద కోపం సగం తగ్గింది.

తాడిపత్రికి ఆరేడు కిలోమీటర్ల ముందు నా క్లచ్ వైరు తెగింది. లివర్ చేతిలో వదులుగా ఊగింది. బండిని నెట్టి, కదలగానే మొదటి గేరు వేసి, ఆపైన యాక్సిలరేటర్ వదిలే క్షణంలో గేర్లు మారుస్తూ ఊళ్లోకి చేరాను. మా ఆవిడ తమ్ముడి బండి ఎక్కింది, తిరిగి నా బండి ఎక్కడానికి చాలాసేపు ఇష్టపడలేదు. అనంతపురంలోని అధీకృత సర్వీసు కేంద్రానికి ఫోన్ చేస్తే ఆ వైరు లేదని, చెప్పి పంపిస్తే పది రోజులు పడుతుందని జవాబు వచ్చింది.

బస్టాండు దగ్గరి మెకానిక్ వైరును చూసి ఏమీ అనలేదు. వేరే బండి వైరు ఒకటి తెచ్చి, పాతదాని పక్కన నేల మీద పరిచి కొలిచాడు. అది జానెడు పొడవు ఎక్కువ. లోపలి తీగను బయటికి లాగి, పై తొడుగును కట్టర్‌తో తుంచి, తీగ చివర, లివర్‌లో ఇరుక్కునే చిన్న ఇత్తడి నిపిల్ తొడిగి, పోగులను పువ్వులా విప్పి మడిచి, సీసం కరిగించి పోశాడు. చల్లారాక కటింగ్ ప్లేయర్‌తో పట్టుకొని ఒంటి బరువంతా వేసి లాగి చూశాడు. నలభై నిమిషాలు, మూడు వందల యాభై రూపాయలు. విడి భాగం ఎన్ని రోజుల్లో దొరుకుతుందన్న ప్రశ్నను, నేను చదివిన ఏ సమీక్షలోనూ ఎవరూ వేసినట్టు గుర్తు లేదు. వారిని తప్పుపట్టలేము, పరీక్షకని పది రోజులకు ఇచ్చిన కొత్త బండిలో వైరు తెగదు.

అనంతపురంలో టవర్ క్లాక్‌కు నడిచి వెళ్లేంత దూరంలో దిగిన లాడ్జి సాదాసీదాది. కానీ సెల్లారులో బండ్లకు చోటు, రాత్రంతా మేలుకొని ఉన్న కాపలాదారు, పొద్దున అయిదున్నరకే వేడినీళ్లు ఉన్నాయి. బండి మీద తిరిగేవారికి గండికోట గుడారం కన్నా ఇదే మేలని నా అభిప్రాయం; మా ఆవిడ మాత్రం గండికోటకే ఓటు వేసింది.

సొంతదారుల మాట కూడా గుడ్డిగా నమ్మకూడదనడానికి మా ఇంటి సాక్ష్యమే ఉంది. బావమరిది ఎవరడిగినా "నలభై ఇస్తాంది" అంటాడు. ఈసారి కర్నూలు బంకులో మూత దాకా నింపించి, తిరిగివచ్చాక అదే బంకులో అలాగే నింపించి, మధ్యలో పోయించినదంతా కలిపాము. అతనికి 13.8 లీటర్లు పట్టింది, అంటే లీటరుకు 34. నాకు 15.1 లీటర్లు పట్టింది, అంటే 31. పత్రిక ఇచ్చిన అంకె 36, నేను నలుగురికీ చెప్పుకుంటూ వచ్చింది 38.

"తాడిపత్రి ఎండకు పెట్రోలు ఆవిరైపోయింటాది బావా," అన్నాడు అతను, రసీదు మడిచి జేబులో పెట్టుకుంటూ.

కంపెనీ వైరు పదకొండో రోజున వచ్చింది. దాన్ని సీటు కింద పెట్టుకున్నాను. బండికి ఇప్పటికీ తాడిపత్రి వైరే ఉంది.