పాత కారుకి సన్‌రూఫ్ మోటార్ మార్పించాక ఎలా ఉంది?

మాది 2011 మోడల్ సెడాన్. దాని సన్‌రూఫ్ (పైకప్పులో తెరుచుకునే అద్దం) మోటార్ మార్పించి రెండేళ్లు దాటింది. ‘పాత బండికి ఇంత ఖర్చు దండగ’ అన్నవాళ్లే ఎక్కువ. ఇప్పటిదాకా మొరాయించలేదు.

మార్పించక ముందు బటన్ నొక్కితే కిర్రుమని, బెత్తెడు జరిగి ఆగిపోయేది. ఒకరోజు సగం తెరుచుకుని ఇక మూసుకోనంది, అదీ నిండు వానాకాలంలో! టెన్షన్ సంగతి చెప్పక్కర్లేదు. చాలా కార్లలో దీనికో దారి ఉంది. ముందు సీట్ల పైనుండే లైట్ కవర్ ఊడదీస్తే మోటార్ కనిపిస్తుంది, దానికి ఆరు పలకల గుంట ఉంటుంది. అందులో అలెన్ కీ పెట్టి తిప్పితే అద్దం మెల్లగా మూసుకుంటుంది. ఆ కీ ఇప్పుడు డాష్‌బోర్డులోనే పెట్టుకుంటున్నాను.

సర్వీస్ సెంటర్‌లో ఫ్రేమ్‌తో సహా మొత్తం మార్చాలన్నారు. చెప్పిన రేటుకి కళ్లు తిరిగాయి. బయట మాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ ముందు ఫ్యూజు చూసి, మోటార్ విప్పి, నేరుగా 12 వోల్టులు ఇచ్చాడు. ఏ బరువూ లేకుండానే తడబడుతూ తిరిగింది. మోటారే పోయిందని అక్కడే తేలిపోయింది.

అయితే అది ఎందుకు పోయిందన్నదే అసలు సంగతి. మోటార్ పంటిచక్రం రెండు కేబుళ్లను నెడితే, అవి అద్దాన్ని రెండు పక్కలా పట్టాల మీద జరుపుతాయి. మా పట్టాల్లో పాత గ్రీజు, దుమ్ము కలిసి బంకమట్టిలా గట్టిపడిపోయాయి. ఆ భారమంతా మోటార్ మీదే పడింది. ఎలక్ట్రీషియన్ అదంతా గీకి తీసి, గుడ్డతో తుడిచి, సిలికాన్ గ్రీజు పల్చగా రాశాడు. అద్దం బిగించడం కంటే దీనికే ఎక్కువ సేపు పట్టింది. ఈ పని వదిలేసి మోటార్ ఒక్కటే మార్పిస్తే అది కూడా పాతదాని దారే పడుతుంది.

మోటార్ మాత్రం విజయవాడ ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్‌ది దొరికింది, కొత్తదాని ధరలో మూడో వంతు కూడా కాలేదు. చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి గానీ పార్ట్ నంబర్, కనెక్టర్ పిన్నులు సరిపోయాకే డబ్బులివ్వండి. వారంటీ ఉండదు కాబట్టి పనిచేయకపోతే వెనక్కి తీసుకుంటాడా అని ముందే అడగాలి.

బిగించేటప్పుడు అద్దం పూర్తిగా మూసి ఉండాలి. ఆ తర్వాత మోటార్‌కి హద్దులు, అంటే అద్దాన్ని ఎక్కడి నుంచి ఎక్కడిదాకా జరపాలో, నేర్పాలి. మా కారులో అద్దం ఓసారి పూర్తిగా తెరుచుకుని మళ్లీ మూసుకునేదాకా బటన్ వదలకుండా నొక్కిపట్టాలి. పద్ధతి కారుని బట్టి మారుతుంది, మాన్యువల్ చూడండి. ఇది చేయకపోతే ఒక్క నొక్కుకి మూసుకోవడం, మధ్యలో చెయ్యి అడ్డొస్తే ఆగడం సరిగా పనిచేయకపోవచ్చు.

ఇప్పుడున్న ఫిర్యాదు ఒక్కటే: పాతదాని కంటే చప్పుడు కాస్త ఎక్కువ. పాటలు పెడితే వినబడదు.

వానలు మొదలయ్యేముందు సన్‌రూఫ్ మూలల్లో వాన నీళ్లు బయటికి పోయే డ్రెయిన్ గొట్టాల్లో గ్లాసెడు నీళ్లు పోసి, కింద చక్రాల దగ్గర కారుతున్నాయో లేదో చూసుకుంటాను. అవి పూడితే నీళ్లు రూఫ్ లైనింగ్ (కారు లోపల పైకప్పుకుండే గుడ్డ) మీదికి, అక్కడి నుంచి మోటార్‌లోకి చేరతాయి. కంప్రెసర్ గాలి మాత్రం గట్టిగా కొట్టించకండి, లోపల గొట్టం ఊడిందంటే లైనింగ్ మొత్తం దించాల్సి వస్తుంది.