సిరిమాను రోజు ట్రాఫిక్‌ని నాలుగు కోర్లకి పంచడం: మెటిస్, పార్‌మెటిస్ వాడి చూశాక

సిరిమానోత్సవం రోజు విజయనగరంలో బండి తీసినవాళ్లకి తెలుసు, మూడు లాంతర్ల నుంచి కోట దాకా కాలు పెట్టే సందుండదు, ఊరి చివర వీధులేమో బోసిపోయి ఉంటాయి. ఆ రోజు ట్రాఫిక్‌ని కంప్యూటర్లో సెకను సెకనుగా నడిపి చూడడమే (సిమ్యులేషన్) నా ఎంటెక్ ప్రాజెక్టు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత ఆన్‌లైన్ మ్యాపు నుంచి రోడ్లు తీసుకుని, మొదట మ్యాపు మీద నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీసి నాలుగు ముక్కలు నాలుగు కోర్లకి (ప్రాసెసర్‌లో విడివిడిగా లెక్కలు చేసే భాగాలు) ఇచ్చేశాను. కోట ఉన్న ముక్క పడిన కోరు ఒక్కటే చచ్చీచెడీ పనిచేస్తుంటే మిగతా మూడూ ఖాళీ. నాలుగు కోర్ల లెక్కా అయితే గానీ తర్వాతి సెకనుకి వెళ్లకూడదు కదా, పంక్తిలో ఆఖరివాడు తినేదాకా ఎవరూ లేవకూడదన్నట్టు.

అప్పుడు మెటిస్ పట్టుకున్నాను. మినసోటా యూనివర్సిటీలో జార్జ్ కరిపిస్ వాళ్లు చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ లైబ్రరీ. కూడళ్లు, వాటిని కలిపే రోడ్లు ఒక ఫైల్లో రాసిస్తే, ముక్కల బరువు దాదాపు సమానంగా ఉండేలా, తెగే రోడ్లు వీలైనంత తక్కువయ్యేలా కోస్తుంది. తెగిన రోడ్డు మీద బండి దాటినప్పుడల్లా దాని వివరాలు పక్క ప్రాసెస్‌కి (పక్క కోరు మీద నడిచే ప్రోగ్రాముకి) పంపాలి కాబట్టి ఆ రెండోది చాలా ముఖ్యం. వేగానికి వంక పెట్టలేం, మన ఊరంత మ్యాపుని కళ్లు మూసి తెరిచేలోగా కోసేస్తుంది. ఫైల్లో నంబర్లు 1 నుంచి మొదలవ్వాలి, నేను 0 నుంచి ఇచ్చి ఒక పూట తగలేశాను, మాన్యువల్లో రాసే ఉంది, చదవనిది నేను.

అసలు కిటుకు బరువుల దగ్గర ఉంది. మీరు బరువు ఇవ్వకపోతే ప్రతి కూడలీ ఒకటే లెక్క, గంటస్తంభం కూడలైనా పొలాల మధ్య కూడలైనా దానికి తేడా లేదు. కూడలి దగ్గర సగటున ఎన్ని బండ్లుంటాయో అది బరువుగా ఇవ్వండి, పూర్ణాంకాలే తీసుకుంటుంది కాబట్టి 2.4 లాంటివి వస్తే అన్నిటినీ 10తో గుణించేయండి. దీంతోనే సగం టెన్షన్ పోయింది.

కానీ బండ్లు కదులుతాయి. ఉత్సవం ముగిసి జనం ఆర్టీసీ కాంప్లెక్స్ వైపు మళ్లగానే, మధ్యాహ్నం కుదిరిన కోత సాయంత్రానికి పనికిరాదు. దానికి మెటిస్ వాళ్లదే పార్‌మెటిస్ ఉంది, ఎంపీఐ (ప్రాసెస్‌లు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే పద్ధతి) మీద నడుస్తుంది, పాత కోతని చూసి తక్కువ మార్పుతో కొత్తది ఇస్తుంది. ఉత్సాహం కొద్దీ నిమిషానికోసారి కోయిస్తే బండ్లని ఒక ప్రాసెస్ నుంచి ఇంకోదానికి మోయడానికే టైమంతా అయిపోయింది. ఇప్పుడు అన్నిటికన్నా వెనకబడిన ప్రాసెస్ సగటుకన్నా పావు వంతు ఎక్కువ టైము తీసుకుంటేనే కోయిస్తున్నాను, అది బాగా కుదిరింది.

మెటిస్‌కి ఐదుకి నాలుగున్నర, పార్‌మెటిస్‌కి నాలుగు, ఎందుకంటే ఇన్‌పుట్‌ని ముందే ప్రాసెస్‌లకి పంచి ఇవ్వాలి, కొత్తవాళ్లకి అక్కడ తల తిరుగుతుంది. ఇంకో మాట, ఒక్క విజయనగరానికే అయితే ఒక కోరు చాలదా అని మా గైడు సారు అడిగారు, నిజమే, చాలు. విశాఖ దాకా రోడ్లు కలిపాకే నాకు తేడా కనపడింది.