కాకినాడలో మా పాత తెరచాప బోటు: ఆరేళ్లు వాడాక

హైదరాబాద్‌లో ఉంటూ సముద్రపు బోటు కొనడమేమిటని అడగని వాళ్లు లేరు. నేను తెరచాప పట్టడం నేర్చుకున్నది హుస్సేన్‌సాగర్‌లోనే. చిన్న బోట్లలో కొన్నేళ్లు తిరిగాక, రాత్రి లంగరేసి లోపల పడుకోగలిగే బోటు ఒకటి కావాలనిపించింది. మా అక్కావాళ్లు కాకినాడలో ఉంటారు. బావా నేనూ చెరి సగం వేసుకుని ముంబైలో ఒక పాత బోటు కొని లారీ మీద తెప్పించాం. శుక్రవారం రాత్రి గౌతమి ఎక్కితే పొద్దున్నే కాకినాడలో దిగుతాను.

బోటు పొడవు 21 అడుగులు. ఫైబర్ బాడీ, ఒక మాస్టు (తెరచాపలు కట్టే నిలువు స్తంభం), రెండు తెరచాపలు. అడుగున ఇనుప రెక్క ఉంటుంది, దాన్ని కీల్ అంటారు. మా దాంట్లో ఆ రెక్కను వించ్‌తో, అంటే తాడు చుట్టి లాగే చక్రంతో, పైకి ఎత్తుకోవచ్చు. దించితే నాలుగున్నర అడుగుల నీళ్లు కావాలి, ఎత్తితే అడుగున్నర చాలు.

కొనే ముందు మాకు రెండు బోట్లు నచ్చాయి. రెండోది 25 అడుగులు, లోపల చాలా విశాలం, కానీ కీల్ కదలదు. ఆ ఫొటోలు పట్టుకుని బావ జగన్నాథపురం కాలవ దగ్గర వేటకెళ్లే ఒక పెద్దాయనకు చూపించాడు. ఆయన ఫొటోలో లోపలి పరుపుల వైపు చూడనే లేదు. "బాబుగారండీ, దీని కాలు ఎంత దిగుద్దండీ?" అన్నాడు. "ఐదడుగులు బాబాయ్" అన్నాడు బావ. "అయితే ఆటు మీద ఎక్కడ పెడతారండీ?" అన్నాడాయన. ఆ ఒక్క ప్రశ్నతో 25 అడుగుల బోటు వద్దనుకున్నాం. కాకినాడ అఖాతం లోతు తక్కువ. హోప్ ఐలాండ్ అడ్డుగా ఉండటం వల్ల అలలు చిన్నవిగానే ఉంటాయి, కానీ ఒండ్రు పేరుకుంటూనే ఉంటుంది. మన తీరంలో ఆశ్రయం దొరికేది ఎక్కువగా ఏటి మొగల్లో, కాలవల్లో. అక్కడికి వెళ్లలేని బోటు ఎంత బాగున్నా మనకు పనికిరాదు. ఆరేళ్ల తర్వాత కూడా నా మాట ఇదే: లోపల ఎంతమంది పడుకోవచ్చో తర్వాత చూడండి, ముందు ఎన్ని అడుగుల నీళ్లు కావాలో అడగండి.

అయితే ఎత్తే కీల్ ఊరికే రాదు. దాన్ని లాగే ఉక్కు తాడు నీళ్లలో, కళ్లకు కనబడని చోట ఉంటుంది. రెండో ఏడాది కీల్ గూటిలో తుప్పు పొరలు ఉబ్బి, వాటి మీద గుల్లలు పట్టి, రెక్క సగంలో ఇరుక్కుపోయింది. పోటు మీద బోటును ఇసుక మీదికి తెచ్చి, ఆటు వచ్చేదాకా ఆగి, బావ ఇనుప పలుగుతో గోకితే గానీ కదల్లేదు. అప్పటినుంచి ఏటా తాడు మారుస్తున్నాం, బాగున్నట్టు కనిపించినా సరే.

పాత బోటు చూడ్డానికి వెళ్లేవాళ్లు ఐదు రూపాయల బిళ్ల ఒకటి జేబులో పెట్టుకోండి. కుండ కొనేటప్పుడు తట్టి చూసినట్టు డెక్కంతా తట్టాలి. గట్టిగా ఉన్నచోట టక్‌మంటుంది. ఫైబర్ పొరల మధ్య బాల్సా చెక్క తడిసి కుళ్లిన చోట చప్పుడు మొద్దుగా వస్తుంది. మా దాంట్లో మాస్టు మొదట్లో రెండు జానల మేర అలాగే వచ్చింది. బోల్టు పక్కనుంచి వాన నీళ్లు దిగి అలా అయింది. బేరంలో అది తగ్గించి తీసుకున్నాం, మేమే కోసి కొత్త చెక్క పెట్టి రెజిన్ పోశాం. మొత్తం మీద బోటు ధరలో మూడో వంతు మొదటి ఏడాదే మరమ్మతులకు అయింది. అంత డబ్బు పక్కన లేకపోతే కొనొద్దు.

మాస్టును నిలబెట్టే స్టీలు వైర్ల సంగతి ఇంకా ముఖ్యం. మా వైర్లు తళతళలాడేవి. ఒక ఫిబ్రవరిలో దూదితో కింది నుంచి పైకి తుడుస్తున్నాను. ఎడమవైపు వైరు డెక్కు దగ్గర ఫిట్టింగులోకి దూరే చోట దూది చిక్కుకుంది. కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే 19 పోగుల్లో ఒకటి తెగి, గోరంత బయటికి పొడుచుకొచ్చి ఉంది. దాని చుట్టూ పసుపు మరకలా సన్నని తుప్పు చార. గట్టి గాలిలో ఆ వైరు పోయి ఉంటే మాస్టు మా మీదే పడేది. అన్ని వైర్లూ మార్చేశాం. పదేళ్లు దాటిన వైరు ఎంత మెరుస్తున్నా నమ్మొద్దు. బోల్టులకు నేను సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్తాను, అక్కడ 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు అని గట్టిగా అడిగి, బిల్లు మీద రాయించుకుంటాను. 304 గ్రేడు ఉప్పునీళ్లలో గుంటలు పడిపోతుంది. అయస్కాంతం పెట్టి చూస్తే ఈ రెంటికీ తేడా తెలియదు.

ఇంజను గురించి ఒక్క ముక్క. బోటుతో వచ్చిన అవుట్‌బోర్డు (బోటు వెనక తగిలించే ఇంజను) షాఫ్టు 15 అంగుళాలది. అల లేచినప్పుడల్లా ఫ్యాను గాల్లో తిరిగేది. 20 అంగుళాలది తెచ్చాక ఆ బాధ పోయింది. క్యాబిన్‌లో నిలబడలేం, మార్చి దాటితే ఉక్క. ఇద్దరికి సరిపోతుంది.

పెద్ద ప్రయాణం ఒకటే చేశాం, కాకినాడ నుంచి విశాఖ. 70 పైచిలుకు నాటికల్ మైళ్లు. గంటకు నాలుగు మైళ్లు వేసుకున్నా 18 గంటలు. మొదట జనవరిలో వెళ్దామనుకున్నాం గానీ అప్పుడు ఈశాన్యం గాలి సరిగ్గా ముఖానికే కొడుతుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా మన తీరం వెంట నీటి ప్రవాహం ఉత్తరం వైపు నడుస్తుంది, వేసవిలో గాలీ నైరుతికి తిరుగుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం కాబట్టి రాత్రిపూట వలల టెన్షన్ కూడా తక్కువ. అందుకని ఏప్రిల్ మూడో వారంలో బయల్దేరాం. మెరైన్ పోలీసులకు చెప్పాం, వీహెచ్ఎఫ్ రేడియోలో ఆపద పిలుపుల 16వ ఛానల్ పెట్టుకున్నాం, కోస్ట్ గార్డు నంబరు 1554 క్యాబిన్ గోడ మీద రాశాం. తెల్లవారుజామున విశాఖ డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్ వెలుగు కనబడినప్పుడు బావ మాట్లాడకుండా చుక్కాని నా చేతికిచ్చాడు. అది నేనెప్పటికీ మరిచిపోను. తిరుగు ప్రయాణంలో అదే గాలి, అదే నీరు ఎదురొస్తాయి కాబట్టి బోటును ట్రైలర్ మీద తెచ్చాం. కీల్ ఎత్తలేని బోటైతే అదీ అంత సులువు కాదు.

అక్టోబరు నుంచి డిసెంబరు సగం దాకా బోటు షెడ్డులోనే. అవి తుఫాన్ల నెలలు, హుద్‌హుద్ తుఫాను విశాఖను కొట్టింది 2014 అక్టోబరు 12న. ఆ నెలల్లో ఎంత ఎండ కాసినా నీళ్లలో దించం.

వచ్చే జనవరిలో కీల్ పిన్ను, అంటే రెక్కను బోటుకు పట్టి ఉంచే కడ్డీ, మార్చాలి. పాతది అరిగి వదులైంది, రాత్రి లంగరు మీద ఉన్నప్పుడు టక్కు టక్కుమని వినిపిస్తోంది. 316 రాడ్డు కొని లేతు మీద కొత్తది చేయించాను. బావకు ఫొటో పంపితే "ఒకటి కాదు, రెండు చేయించు" అన్నాడు. రెండోదానికి ఆర్డరిచ్చాను.